ఒకే తాళపుచెవి: సమాచార భాండాగారాల నిర్వహణలో ప్లగిన్ పాత్ర

2021 జూలై నెలలో తూర్పు జర్మనీలోని ఆన్‌హాల్ట్-బిట్టర్‌ఫెల్డ్ జిల్లా యంత్రాంగం విపత్తు పరిస్థితిని ప్రకటించింది. సాధారణంగా వరదల వంటి సందర్భాలలో వెలువడే ఈ ప్రకటనకు ఈసారి కారణం కంప్యూటర్లపై జరిగిన దాడి. దుండగులు జిల్లా కార్యాలయాల సమాచారాన్ని రహస్యలిపిలోకి మార్చివేసి, విడుదలకు సొమ్ము కోరారు. సామాజిక సహాయపు చెల్లింపులు నిలిచిపోయాయి. కంప్యూటరు దాడి మూలంగా ఇటువంటి ప్రకటన జర్మనీలో వెలువడడం అదే ప్రథమం.

సమాచారపు నిల్వ ఎంతటి ప్రాణాధారమో ఈ ఉదంతం తెలుపుతుంది. మరి పెద్ద సంస్థలలో ఈ నిల్వను ఎవరు, ఏ విధంగా నిర్వహిస్తారు? ఆ పనిని సులభతరం చేసిన ‘ప్లగిన్’ అనే చిన్న సాఫ్ట్‌వేరు ఎట్టిది? దానివల్ల లాభమేమి, ప్రమాదమేమి? ఈ విషయాలను పరిశీలిద్దాం.

భాండాగారం

సమాచార నిల్వ చరిత్రలో 1988 చిరస్మరణీయమైన సంవత్సరం. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో పీటర్ గ్రూన్‌బర్గ్, ఫ్రాన్సులో ఆల్బర్ట్ ఫెర్ట్ విడివిడిగా ‘బృహత్ అయస్కాంత నిరోధం’ అనే ధర్మాన్ని కనుగొన్నారు. డిస్కులపై అత్యంత సూక్ష్మమైన అయస్కాంత చిహ్నాలను చదవడానికి ఇది మార్గం సుగమం చేసింది. 2007లో వారిరువురికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ 1988లోనే అమెరికాలోని బర్క్‌లీలో పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు, అనేక చౌక డిస్కులను ఒక సమూహంగా కూర్చి, ఒకటి చెడినా సమాచారం నశించకుండా కాపాడే ‘రెయిడ్’ పద్ధతిని వివరించారు. నేటి భాండాగార యంత్రాలకు ఈ పద్ధతే పునాది. పదుల, వందల డిస్కులను ఒక రాశిగా చేసి, అందులో నుండి అవసరమైనంత భాగాన్ని విడదీసి సర్వర్లకు కేటాయిస్తారు. ఆ భాగాన్నే ‘లన్’ అని వ్యవహరిస్తారు.

ఇద్దరు అధికారులు

1998లో స్థాపితమైన వీఎంవేర్ సంస్థ, ఒకే సర్వరులో అనేక వర్చువల్ కంప్యూటర్లను నడిపించే విధానాన్ని వ్యాప్తిలోకి తెచ్చింది. వాటన్నిటినీ ఒకచోట నుండి నడిపే సాఫ్ట్‌వేరు పేరు ‘విసెంటర్’.

ఇక్కడ ఒక చిక్కు ఏర్పడింది. పూర్వం మన గ్రామాలలో భూమి లెక్కలు కరణం వద్ద, శిస్తు వసూలు మునసబు వద్ద ఉన్నట్లే, సంస్థలలో భాండాగారం ఒక నిర్వాహకుని చేతిలో, సర్వర్లు మరొకరి చేతిలో ఉండేవి. కొత్త స్థలం కావలసివస్తే సర్వరు నిర్వాహకుడు అర్జీ పెట్టేవాడు. భాండాగార నిర్వాహకుడు లన్‌ను సృష్టించి, ఏయే సర్వర్లకు అది కనబడాలో నిర్ణయించేవాడు. మళ్ళీ మొదటివాడు దానిని వెదికి పట్టుకొని, వాడుకకు సిద్ధపరిచేవాడు. ఒక వర్చువల్ కంప్యూటరు మందగిస్తే కారణం ఎవరి పరిధిలో ఉన్నదో తేలడానికే చాలా సమయం పట్టేది. ఒకరికి కనిపించేది మరొకరికి కనిపించదు గదా!

ప్లగిన్ చేసే పని

భాండాగార యంత్రాల తయారీదారులు తమ యంత్రానికీ విసెంటర్‌కూ మధ్య దుబాసిగా రూపొందించినదే ప్లగిన్. నెట్‌యాప్, డెల్, ఐబీఎం, ఫుజిట్సు మొదలైన సంస్థలు ఇటువంటివాటిని అందించాయి. భాండాగారపు చిరునామాను, ప్రవేశానికి వలసిన ఆధారాలను దానికి ఒకసారి అప్పగిస్తే చాలు. ఆపైన విసెంటర్ తెరపైనే స్థలం కోరవచ్చు. ప్లగిన్ లన్‌ను సృష్టింపజేసి, సమూహంలోని సర్వర్లన్నిటికీ చూపించి, వాడుకకు సిద్ధపరుస్తుంది. స్థలం పెంచడం, ‘స్నాప్‌షాట్’ అనబడే క్షణచిత్రాలను తీయడం కూడా అక్కడి నుండే సాధ్యం. ఏ వర్చువల్ కంప్యూటరు ఏ లన్‌పై ఆధారపడి ఉన్నదో కూడా తెలుస్తుంది.

దీని ప్రయోజనాన్ని ఒక లెక్కతో గ్రహించవచ్చు. 4 టెరాబైట్ల స్థలం మీద పది వర్చువల్ కంప్యూటర్లకు ఒక్కొక్క టెరాబైటు చొప్పున వాగ్దానం చేశామనుకుందాం. ఒక్కొక్కటి 300 గిగాబైట్లు వాడుతున్నంతకాలం చింత లేదు. వాడుక 3 టెరాబైట్లే. ఒక్కొక్కటి మరో 100 పెరిగితే స్థలం నిండిపోతుంది, కొత్తగా వ్రాయబోయిన యంత్రాలు ఆగిపోతాయి. వంద మందికి శుభలేఖలు పంపి నలభై మందికి వంట చేయించడం వంటిది ఇది. వాగ్దానం ఒక తెరపై, వాస్తవం మరొక తెరపై ఉంటే ప్రమాదం కనబడదు. ప్లగిన్ రెంటినీ పక్కపక్కన చూపి ముందుగానే హెచ్చరించగలదు.

ప్రమాదపు పార్శ్వం

అయితే రెండు గదులకు ఒకే తాళపుచెవి అయినప్పుడు, అది పోతే రెండు గదులూ పోయినట్లే. 2021 ఫిబ్రవరిలో, మళ్ళీ మే నెలలో విసెంటర్‌తోబాటు వచ్చే రెండు ప్లగిన్‌లలో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. సంకేతపదం తెలియని పరాయివాడు కూడా వాటి ద్వారా విసెంటర్‌ను వశపరచుకొనే అవకాశం ఉండినది. తీవ్రతను కొలిచే పది మార్కుల కొలబద్దపై రెండింటికీ 9.8 లభించింది. వీటిలో మే నెలనాటి ప్లగిన్ నిల్వ వ్యవస్థ ఆరోగ్యాన్ని పరీక్షించేదే కావడం గమనార్హం.

సవరణలు వెంటనే వెలువడినా అందరూ అమర్చుకోలేదు. ఆ ఫిబ్రవరి ప్రకటనలోనే సర్వర్లకు సంబంధించిన మరొక లోపానికీ సవరణ ఉన్నది. రెండేళ్ళ తరువాత, 2023 ఫిబ్రవరిలో, ఆ సవరణ లేని సర్వర్లపై పెద్దయెత్తున దాడి జరిగినట్లు భద్రతా సంస్థలు భావించాయి. ఫ్రాన్సు, అమెరికాలతోబాటు జర్మనీ కూడా బాధిత దేశాలలో ఉన్నది. బాన్ నగరంలోని సమాఖ్య సమాచార భద్రతా కార్యాలయం హెచ్చరిక జారీ చేసింది.

పాటించవలసిన నియమాలు

మొదటిది: ప్లగిన్‌కు భాండాగారంపై సర్వాధికారాలు ఇవ్వరాదు, దాని పనికి వలసిన అధికారాలతో ప్రత్యేక ఖాతా ఏర్పరచాలి. రెండవది: విసెంటర్‌ను బయటి ఇంటర్నెట్‌కు కనబడనీయరాదు. మూడవది: ప్లగిన్ తాళపుచెవితో చెరపడానికి వీలులేని ప్రతులు విడిగా, వేరొక అధికారం కింద ఉండాలి. క్షణచిత్రాలు అదే భాండాగారంలో ఉంటే అవి రక్షణ ప్రతులు కాజాలవు. నాల్గవది: ఆ ప్రతుల నుండి సమాచారాన్ని తిరిగి పొందడం అప్పుడప్పుడు ఆచరించి చూడాలి. ఇది కేవలం సలహా కాదు. 2018 మే నుండి అమలులోనున్న ఐరోపా సమాచార రక్షణ చట్టం 32వ అధికరణం, అంతరాయం తరువాత వ్యక్తిగత సమాచారాన్ని సకాలంలో పునరుద్ధరించగల సామర్థ్యాన్ని కోరుతున్నది.

2022లో వెలువడిన విస్ఫియర్ 8 నుండి ప్లగిన్‌లు విసెంటర్ లోపల కాక తమ సొంత సర్వరులో నడవవలసి ఉంటుంది. ఇంటిలోపల నివసించే అతిథిని వాకిట ఉన్న గదిలోకి మార్చినట్లయినది. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొనుగోలు చేసిన పిమ్మట కొన్ని సంస్థలు వియన్నాకు చెందిన ప్రాక్స్‌మాక్స్ వంటి ప్రత్యామ్నాయాల వైపు చూస్తున్నాయి. అక్కడా నిల్వకు ప్లగిన్‌లున్నాయి. అక్కడా ఇవే నియమాలు వర్తిస్తాయి.

జర్మనీలోని కంప్యూటరు కేంద్రాలలో పనిచేసే మన యువతీయువకులు ఈ తాళపుచెవిని చేతబట్టేవారే. దానితో ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో ముందుగా లెక్కించి, తెరుచుకోకూడని తలుపు ఒకటి విడిగా ఉంచడం వారి ప్రథమ కర్తవ్యం.