సౌత్ ఆఫ్రికా రాజ్యాంగంలో మన తెలుగు ఎందుకుంది?

సికింద్రాబాద్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశా.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో మా ప్రాజెక్ట్ కాల్స్‌లో డర్బన్ నుంచి ఒకాయన ఉండేవారు. ఇంటిపేరు నాయుడు. ఒకరోజు ఆగలేక "బాగున్నారా అండీ?" అని తెలుగులో అడిగేశా. ఆయన నవ్వి, "మా నానమ్మకైతే అర్థమయ్యేది" అని ఇంగ్లీషులో చెప్పారు. ఆ నానమ్మ తరం కథే ఈ ఎపిసోడ్.

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల్లో కూలి పని, ఐదేళ్ల ఒప్పందం. 1911 దాకా ఇలా సుమారు 1,52,000 మంది వెళ్లారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు.

1948లో నేషనల్ పార్టీ గెలిచింది. అపార్తీడ్ మొదలైంది. 1950లో వచ్చిన రెండు చట్టాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి ప్రతి మనిషికీ ఏ జాతో ముద్ర వేసింది. రెండోది ఏ జాతివాళ్లు ఏ ఏరియాలో ఉండాలో గీత గీసింది. కాటో మేనర్‌లో ఉన్న ఇండియన్లను ఖాళీ చేయించి చాట్స్‌వర్త్‌కి పంపారు. నల్లజాతివాళ్లను ఇంకో వైపు తోసేశారు. మోండా మార్కెట్ దగ్గర మూడు తరాలుగా ఉన్న మీ ఇంటికొచ్చి, "మీ జాతికి ఇక్కడ చోటు లేదు, ఊరి బయటికి పోండి" అంటే ఎలా ఉంటుంది? అలా అన్నమాట.

అసలు పరీక్ష 1983లో వచ్చింది. ప్రభుత్వం మూడు సభల పార్లమెంటు తెచ్చింది. తెల్లవాళ్లకొకటి, కలర్డ్ అనేవాళ్లకొకటి, ఇండియన్లకొకటి. జనాభాలో ఎక్కువమంది అయిన నల్లజాతివాళ్లకు ఏదీ లేదు. అంటే "మీరు లోపలికి రండి, మీ పక్కింటాయన మాత్రం బయటే ఉంటాడు" అని. కొందరు పోటీ చేశారు, నిజమే. కానీ 1984 ఎన్నికల్లో ఎక్కువమంది ఇండియన్లు ఓటే వేయలేదు. ఆ సీటు వద్దనుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే.

1990 ఫిబ్రవరి 11న, 27 ఏళ్ల జైలు తర్వాత మండేలా బయటికొచ్చారు. 1994 ఏప్రిల్‌లో అన్ని జాతులవాళ్లూ ఒకే క్యూలో నిలబడి ఓటేశారు.

తర్వాత 1996 రాజ్యాంగం. ఆరో సెక్షన్ తీసి చూడండి. అధికార భాషలు కాకుండా, గౌరవం దక్కేలా చూడాల్సిన భాషల లిస్టులో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగూ ఉంది. స్పెల్లింగ్ 'టెలెగు' అని పడింది, పర్లేదు!

విచిత్రం ఏంటంటే, గౌరవం దక్కేసరికి మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. రాజ్యాంగం భాషకు చోటిస్తుంది గానీ, ఇంట్లో మాట్లాడాల్సింది మనమే కదా. మీ ఇంట్లో పిల్లలు నానమ్మతో ఏ భాషలో మాట్లాడుతున్నారు? కామెంట్స్‌లో చెప్పండి. ఉంటానండి.