పెంచేది ఒకటి, ఆపేది ఇంకొకటి

"స్కానింగులో పొర మందంగా ఉందన్నారమ్మా. సంచి తీసేయిస్తే పీడా పోతుందిగా?" రిపోర్టు కోసం వచ్చే ఆడవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇది. నేను పాథాలజిస్టును. గర్భసంచి లోపలి పొర నుంచి తీసిన ముక్క ఫార్మలిన్ డబ్బాలో నా బల్ల మీదికి వస్తుంది. స్లైడు చూస్తే ఆ ఒంట్లో ఏ హార్మోన్ పెత్తనం నడుస్తోందో చాలావరకు తెలిసిపోతుంది.

నెలసరి అయిపోగానే ఆ పొర మందం మూడు నాలుగు మిల్లీమీటర్లే. అండాశయం నుంచి ఈస్ట్రోజన్ అందేకొద్దీ కణాలు రెట్టింపవుతూ, రెండు వారాల్లో అది పది మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ వచ్చి ఆ పెరుగుదలను ఆపి, బిడ్డ కోసం గ్రంథుల్లో పోషకాలు నింపిస్తుంది. రెండు రోజులు తిరిగేసరికి గ్రంథి కణాల్లో, కేంద్రకాల కింద, తెల్లటి ఖాళీలు ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు వరసగా తేలతాయి. ఎన్నేళ్లుగా చూస్తున్నా ఆ స్లైడు దగ్గర కాసేపు ఆగుతాను. ఇలా పొరను చూసి నెలసరిలో ఎన్నో రోజో చెప్పే పద్ధతిని 1950లో నోయెస్, హెర్టిగ్, రాక్ అనే అమెరికన్ వైద్యులు రాసిపెట్టారు.

గర్భం రాకపోతే ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, పొర రాలిపోతుంది.

అండం విడుదల కాని నెలల్లోనే చిక్కు. పీసీఓఎస్ ఉన్నవాళ్లకూ, నలభై దాటాక నెలసరి గాడి తప్పినవాళ్లకూ ప్రొజెస్టిరాన్ సరిగా అందదు. ఈస్ట్రోజన్ మాత్రం పొరను పెంచుతూనే ఉంటుంది. ఒళ్లు చేసినవాళ్లలో కొవ్వు కూడా దాన్ని తయారుచేస్తుంది, ముట్లుడిగాక సైతం. ఆపేది లేని పెరుగుదల కొందరిలో క్యాన్సర్ దాకా పోతుంది. ముట్లుడిగినవాళ్లకు ఉత్త ఈస్ట్రోజన్ మాత్రలిస్తే ఈ ముప్పు పెరుగుతుందని 1975లో అమెరికా అధ్యయనాలు తేల్చాక, గర్భసంచి ఉన్నవాళ్లకు ప్రొజెస్టిరాన్ రకం మందును జతచేయడం రివాజైంది.

పొర మందమైనంత మాత్రాన క్యాన్సర్ కాదు. కణాల రూపు చెడకపోతే ప్రొజెస్టిరాన్ మాత్రలతోనో, హార్మోన్ ఉన్న లూపుతోనో చాలామందికి పలచబడుతుంది. కణాలు వికారంగా మారాయంటే సంచి తీయమనడం సబబే. ఈ తేడా స్కానింగు చెప్పలేదు, ముక్క పరీక్షే చెప్పాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. మన తొందర నాకు మింగుడుపడదు.

ముట్లుడిగాక మాత్రం ఒక్క మరక కనిపించినా డాక్టరుకు చూపించుకోవాలి. అప్పుడు పొర నాలుగైదు మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి మాకు పంపుతారు.