పింఛను నిధిలో దుకాణం: బ్రిటన్‌లోని మనవారి ముందున్న ప్రశ్నలు

తెలుగు నేల నుంచి బ్రిటన్ వెళ్లి స్థిరపడిన వైద్యులు, మందుల దుకాణదారుల కుటుంబాల నుంచి మాకు ఒక ప్రశ్న తరచుగా వస్తోంది. తమ క్లినిక్ లేదా దుకాణం నడుస్తున్న భవనాన్ని తమ పింఛను నిధి చేతనే కొనిపించడం షరీఅత్ దృష్ట్యా సమ్మతమేనా? ప్రశ్న దూరదేశానిదే. కాని ఆ సొమ్ములో రేపు వాటా పొందవలసిన తల్లిదండ్రులు ఇక్కడ మన మధ్యనే ఉన్నారు.

బ్రిటన్‌లో 1989 నుంచి 'సిప్' అనే వ్యక్తిగత పింఛను పద్ధతి అమలులో ఉంది. సొమ్మును ఎందులో పెట్టాలో సభ్యుడే నిర్ణయించుకుంటాడు. ఆ నిధి దుకాణం, కార్యాలయం, గిడ్డంగి వంటివి కొనవచ్చు. ఒకే క్లినిక్‌లో భాగస్వాములైన వైద్యులు తమ నిధులు కలిపి భవనం కొని, దానికే అద్దె చెల్లించడం అక్కడ మామూలు విషయం. ఆ అద్దెపై ఆదాయపు పన్ను ఉండదు, భవనం అమ్మితే వచ్చే లాభంపైనా ఉండదు. అయితే 55 ఏళ్లు నిండేదాకా సొమ్ము చేతికి రాదు. 2028 ఏప్రిల్ 6 నుంచి ఆ వయసు 57 అవుతుంది. మన దేశపు ఎన్‌పీఎస్‌లో ఇలా సొంత దుకాణాన్ని పెట్టుకునే వీలు లేదు.

నివాసగృహానికి మాత్రం అనుమతి లేదు. కింద దుకాణం, పైన కాపురం ఉండే భవనాలు అక్కడి బజార్లలో ఎన్నో. పై అంతస్తును లెక్కలోకి తీసుకోకుండా కొంటే 55 శాతం దాకా పన్ను మీద పడవచ్చు.

ఇక ధర్మ విషయం. భవనం నిధిదైన నాటి నుంచి సభ్యుడు దానికి ఒకవైపు అద్దెదారు, మరోవైపు హక్కుదారు. వ్యాపారం మందగించిందని అద్దె ఎగవేయడానికి, తక్కువకు రాయించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. బజారు అద్దె చెల్లించి తీరాలి. ఇది మనకు కొత్త మాట కాదు. వక్ఫు ఆస్తిని ముతవల్లీ తానే అద్దెకు తీసుకోవడాన్ని ఫుఖహా సులువుగా అనుమతించలేదు. సాటి ఆస్తులకు పలికే అద్దెకు, అంటే ఉజ్రతె మిస్ల్‌కు, బాగా తగ్గించి ఇవ్వడాన్ని అసలే ఒప్పుకోలేదు. సిప్ వక్ఫు కాదు. అయినా అమానతు స్వభావం రెండింటిలోనూ ఉంది.

అసలు చిక్కు అప్పులో ఉంది. నిధి నికర విలువలో సగం వరకు రుణం తీసుకోవచ్చు. 3 లక్షల పౌండ్ల నిధికి లక్షన్నర రుణం దొరుకుతుంది, వడ్డీతో. దీన్ని 'జరూరత్' కింద సమర్థించే వారున్నారు. వృద్ధాప్యం కోసం భవనం కూడబెట్టడం ప్రాణావసరం కాదు కనుక ఆ వాదన మాకు సమ్మతం కాదు. భాగస్వాములను చేర్చుకోవడమో, చిన్న భవనంతో సరిపెట్టుకోవడమో మేలు. అద్దె ఆలస్యమైతే వడ్డీ కట్టాలనే షరతు కౌలు పత్రాల్లో సాధారణంగా ఉంటుంది. సంతకానికి ముందే దాన్ని తీసివేయమని అడగాలి. భవనాన్ని బయటివారికి ఇచ్చేటప్పుడు మద్యం దుకాణానికి, పందేల దుకాణానికి ఇవ్వరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

జకాత్ విషయంలో, అద్దెకిచ్చిన భవనం విలువపై జకాత్ లేదు. నిసాబ్ ఉండి, ఏడాది గడిచిన అద్దె సొమ్ముపై రెండున్నర శాతం ఉంటుంది. 1985లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానమూ ఇదే. తిరిగి అమ్మే ఉద్దేశంతోనే కొంటే అది వర్తకపు సరుకు అవుతుంది, విలువ మొత్తంపై జకాత్ ఇవ్వాలి. సొమ్ము చేతికి రాలేదు కాబట్టి ఇప్పుడు బాధ్యత లేదనే ఉలమా కూడా ఉన్నారు. నిధిని ఎక్కడ పెట్టాలో తానే శాసించే వ్యక్తి ఏటా చెల్లించడమే జాగ్రత్త అని మా అభిప్రాయం.

అన్నిటికంటే బరువైనది వారసత్వం. సభ్యుడు మరణిస్తే నిధి ఎవరికి చెందాలో తెలిపే కోరికపత్రం ఒకటి ఉంటుంది. సాధారణంగా నిర్వాహకులు దానికి కట్టుబడనక్కరలేదు. కాని దాన్ని చూసే నిర్ణయిస్తారు. చాలామంది అందులో భార్య పేరొక్కటే రాసి మరచిపోతారు. తండ్రి ముందే గతించి తల్లి, భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్న వ్యక్తి, అప్పులూ పన్నులూ పోను 2,40,000 పౌండ్లు వదిలి వెళ్లాడనుకుందాం. తల్లికి 40,000, భార్యకు 30,000, కొడుకుకు 85,000, ఒక్కొక్క కూతురికి 42,500 రావాలి. పత్రంలో భార్య పేరొక్కటే ఉంటే తల్లి, బిడ్డల వాటాలు ఆమె దయపై ఆధారపడతాయి.

పైగా 2024 అక్టోబరు బడ్జెట్‌లో ప్రకటించిన మార్పు ప్రకారం, 2027 ఏప్రిల్ 6 నుంచి మిగిలిన పింఛను నిధి కూడా 40 శాతం వారసత్వ పన్ను లెక్కలోకి వస్తుంది. భార్యకో భర్తకో చేరే భాగానికి మినహాయింపు ఉంది. తల్లికీ బిడ్డలకూ లేదు. మినహాయింపు పరిమితి దాటిన మొత్తంపై ఆ పన్నును మరణించిన సుమారు ఆరు నెలల్లో కట్టాలి. భవనం అంత త్వరగా అమ్ముడుపోదు. అందుచేత నిధిలో కొంత నగదు ఉంచుకోవాలి. వాటాలను శాతాలలో రాసి, ఇంట్లో పెళ్లి, పుట్టుక, మరణం సంభవించిన ప్రతిసారీ పత్రాన్ని మార్చాలి. తల్లి కర్నూలులో ఉన్నా సరే, ఆమె పేరూ చిరునామా అందులో ఉండాలి.