మల్లి మస్తాన్ బాబు చివరి కొండ



ట్రంకు పెట్టెతో హాస్టల్లో దిగిన మొదటి రోజు మనలో ఎవరూ మరిచిపోరు. 1985లో నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీ జనసంగం నుంచి పదకొండేళ్ళ పిల్లవాడు అలాగే ఇల్లు విడిచి, విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరాడు. అతని ఊరు పెన్నా ఒడ్డు ప్రాంతం, వరి పొలాల నేల. మనకైనా నల్లమల కొండలు కనిపిస్తాయి, అతనికి ఆ అదృష్టం కూడా లేదు.

అదే ఏడాది ఆ స్కూలు పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు సైనిక బృందంతో ఎవరెస్టుకు వెళ్ళి తుఫానులో చిక్కుకుని మరణించారు. ఆయన కథే మస్తాన్ బాబు మనసులో కొండల మీద కోరిక నాటింది. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్., కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, 2004కి కలకత్తా ఐఐఎం చదువు. అంత చదివి, పెద్ద జీతం వదిలి కొండలెక్కడమేమిటని అడిగేవారున్నారు. ఇంట్లో మొదటి డిగ్రీ నాదే కాబట్టి ఆ ప్రశ్న నాకూ కొత్త కాదు. మన మీద ఎంతమంది ఆశ పెట్టుకుంటారో మనకు తెలుసు.

2006లో ఆయన ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. అప్పటికి అది ప్రపంచ రికార్డు. జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్, ఫిబ్రవరి 10న అకోంకాగువా, మార్చి 15న కిలిమంజారో, ఏప్రిల్ 1న కోజియస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న ఎల్‌బ్రస్, జూలై 10న డెనాలి. పాత క్యాలెండరు తీసి చూడండి. ఏడు శిఖరాలకు ఏడు వేర్వేరు వారాలు పడ్డాయి!

ఇక 2015 సంగతి. అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ఆండీస్ పర్వతాల్లో ట్రెస్ క్రూసెస్ అనే కొండ ఉంది. స్పానిష్‌లో మూడు శిలువలని అర్థం. ఎత్తు 6,700 మీటర్లకు పైనే. మార్చి 24న ఆయన ఒంటరిగా పైకి బయలుదేరారు. ఆ తర్వాత కబురు లేదు.

అంత అనుభవమున్న మనిషి ఎలా తప్పిపోయాడు? ఒంటరిగా వెళ్ళడమే తప్పని చాలామంది తేల్చేశారు. నాకు ఆ తీర్పు తొందరపాటుగా తోస్తుంది. ఆ కొండకు పడమర ఉన్న అటకామా ప్రపంచంలోకెల్లా పొడి ఎడారి. సరిగ్గా మార్చి 24 నుంచి 26 వరకు అక్కడ ఏళ్ళ తరబడి కురిసేంత వాన కురిసింది. ఎండిపోయి ఉన్న కోపియాపో నది పొంగి, బురద ఊళ్ళను ముంచింది. పాతికమందికి పైగా చనిపోయారు. ఇళ్ళలో ఉన్నవాళ్ళకే దిక్కులేని రోజులవి.

కింద వానైతే, ఆ ఎత్తున మంచూ ఈదురుగాలీ. ఆరు వేల మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంలో ఉన్నదానిలో సగం కన్నా తక్కువ. గుక్క గుక్కకూ ప్రాణవాయువు సగమే అందుతుంది. ఒంట్లో వేడి నిలవదు, ఆలోచన మందగిస్తుంది. దారి కనబడనప్పుడు ఆగాలా, దిగాలా అన్న చిన్న లెక్క కూడా తెగదు. పక్కన మరో మనిషి ఉంటే ఆ లెక్క అతను వేస్తాడు. ఒంటరితనం ప్రమాదమైంది ఇక్కడే, దాన్ని నేను కాదనను.

రెండు దేశాల హెలికాప్టర్లు వెతికాయి. ఇక్కడ మిత్రులు, ఊరివాళ్ళు ఢిల్లీ దాకా విన్నపాలు పంపారు. ఏప్రిల్ 3న కొండ మీదే దేహం దొరికింది. అప్పటికి ఆయన వయసు నలభై. దేహం సముద్రాలు దాటి రావడానికి మూడు వారాలు పట్టింది. ఏప్రిల్ 25న గాంధీ జనసంగంలో, ట్రంకు పెట్టెతో బయలుదేరిన ఆ ఊళ్ళోనే, అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.