పగడపు జీవులకు వచ్చు తెగులు

వేరుసెనగ మొక్కను పెరికి చూచినచో వేళ్లమీద చిన్న బుడిపెలు కనబడును. వానిలోని సూక్ష్మజీవులు గాలినుండి నత్రజనిని గ్రహించి మొక్క కిచ్చుటయు, మొక్క వానిని పోషించుటయు మన సభ్యు లెఱిగినదే. సముద్రమందును ఇట్టి పొత్తు కాపుర మొకటి కలదు. దానికి తెగులు పట్టు విధమును ఈ నెల వివరింతుము.

వెచ్చని సముద్రములలో దిబ్బలు కట్టు పగడములు చెట్లు కావు, రాళ్లును కావు, చిన్న జంతువులు. అవి నీటిలోని సున్నముతో గూడు కట్టుకొనును. ఉంగరములలో పొదుగు ఎఱ్ఱ పగడము వేఱుజాతి. దిబ్బపగడముల శరీరములో కంటికి కనబడని పాచి నివసించును. ఆ పాచి యెండవెలుతురుతో చక్కెర తయారుచేసి, పగడపు టాహారములో నూటికి 90 పాళ్లవఱకు సమకూర్చును. పగడము దానికి ఇల్లును, తన విసర్జనముల రూపమున ఎరువును ఇచ్చును. పగడమునకు రంగు చాలవఱకు ఈ పాచివలననే కలుగును.

ఆఫ్రికా తూర్పుతీరమున జాంజిబారు దీవికడ తెగులు సోకిన పగడములనుండి శాస్త్రజ్ఞు లొక సూక్ష్మజీవిని వేఱుచేసి, 2003లో దానికి విబ్రియో కోరల్లీలిటికస్ అని పేరిడిరి. కలరా క్రిమియు ఈ విబ్రియో తెగలోనిదే. పరీక్షలలో, నీరు 22 డిగ్రీల సెంటిగ్రేడుకు తక్కువగా నున్నప్పుడు పగడమునకు హాని కలుగలేదు. 24, 25 డిగ్రీలలో క్రిమి పాచిని చెఱుపగా పగడము తెల్లబడెను. 27 మొదలు 29 డిగ్రీలలో పగడపు మాంసమే కరగిపోయి సున్నపు గూడు మాత్రము మిగిలెను. మాంసకృత్తులను కరగించు పదార్థము నొకదానిని ఈ క్రిమి స్రవించును. దాని దెబ్బకు పాచి వెలుతురును వినియోగించుకొను శక్తిని కోల్పోవును.

అయితే తెల్లబడుట యెల్లప్పుడును క్రిమివలననే కాదు. నీరు మితిమీరి వేడెక్కినచో క్రిమి లేకున్నను పాచి వెడలిపోవును. 2016లో మన దేశపు మన్నారు సింధుశాఖలోని పగడములు వేడివలననే తెల్లబడినవి. తెల్లబడిన పగడము వెంటనే చావదు. త్వరగా చల్లబడినచో పాచి మరల పెరుగును. ఆలస్యమైనచో పగడము పస్తులతో నశించును. దానితోపాటు దిబ్బలలో పెరుగు చేపలకును, వానిని నమ్ముకొన్న జాలరులకును నష్టము.

క్రిమి యదే, పగడ మదే. వేడి మారగా ఫలితము మారినది. పైరుతెగులు విషయమునను ఇంతే. క్రిమి యుండినంతనే తెగులు ముదరదు. దానికి అనువైన వాతావరణమును, పైరు బలహీనతయు తోడుకావలెను. కావున ఆకు మచ్చపడినంతనే మందుకొఱకు పరుగెత్తక, ముందుగా వేరును, నేల తేమను, నాలుగు దినముల వాతావరణమును పరిశీలింపుడు. అట్లు చేసిన సభ్యునకు వృథా ఖర్చు తగ్గును, పైరును దక్కును.