కుందేలుకు క్యారెట్ కాదు... గడ్డి కావాలి!

పిల్లల చేతికి రంగు పెన్సిళ్లిచ్చి కుందేలు బొమ్మ వేయమనండి. పక్కనే ఓ క్యారెట్ కూడా వేసేస్తారు. ఆ క్యారెట్‌ని కుందేలుకు అంటగట్టింది బగ్స్ బన్నీ కార్టూన్లు. నిజం కుందేలుకు దుంపలతో పెద్దగా పనిలేదు. చూడ్డానికి చిన్న అపోహే. కానీ కొండాపూర్, మణికొండ, గచ్చిబౌలి ఫ్లాట్లలో పెరిగే కుందేలుకు అదే ప్రాణం మీదికి తేవచ్చు.

హైటెక్ సిటీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో కుక్కను పెంచాలంటే సవాలక్ష చిక్కులు. నడకకు తీసుకెళ్లాలి, అరుపులకు పక్కింటివాళ్లు విసుక్కోకుండా చూసుకోవాలి. కుందేలు అరవదు. పైగా దాని టైమ్‌టేబుల్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు అతికినట్టు సరిపోతుంది. తెల్లవారుజామునా సాయంత్రమూ చురుగ్గా తిరిగి, మధ్యాహ్నమంతా కునుకు తీస్తుంది. ఇంకేం, ముద్దొచ్చి తెచ్చేసుకుంటారు.

స్పెయిన్ నుంచి వచ్చిన చుట్టం

మన భాషలో అన్నీ కుందేళ్లే. కానీ దక్కన్ రాళ్లగుట్టల మధ్య గెంతే అడవి కుందేలు వేరు, ఇంట్లో పెంచేది వేరు. అడవి కుందేలు పిల్ల ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇస్తోంది కాబట్టి పట్టి పెంచకూడదు. ఇంటి కుందేలు పిల్ల బొచ్చులేకుండా, కళ్లు మూసుకుని పుడుతుంది. దీని పూర్వీకులది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. బొరియలు తవ్వుకుని గుంపుగా బతికే యూరోపియన్ కుందేలు అది. తెల్లదైనా, మచ్చలదైనా, వేలాడే చెవులదైనా ప్రపంచంలోని పెంపుడు కుందేళ్లన్నీ ఆ ఒక్క జాతి సంతానమే.

ఈ జాతి కథ విచిత్రమైంది. 1859లో థామస్ ఆస్టిన్ అనే పెద్దమనిషి వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు కుందేళ్లు తెప్పించుకున్నాడు. వచ్చినవి 24. ఆ దేశంలో పంటల్ని, పచ్చికను ఊడ్చేస్తున్న కోట్ల కుందేళ్ల దండుకు ఆ కొన్నే మూలమని 2022లో జన్యు పరిశోధకులు తేల్చారు. ఆస్ట్రేలియా వాటిని వదిలించుకోలేక తలపట్టుకుంటుంటే, పుట్టింట్లో మాత్రం వైరస్ జబ్బులకు అవి లక్షల్లో రాలిపోయాయి. ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ 2019లో ఆ అడవి యూరోపియన్ కుందేలును అంతరించే ముప్పున్న జీవుల్లో చేర్చింది!

మరి ఇంట్లో తిరిగే కుందేలు మనిషిని చూసి పారిపోదెందుకు? 2018లో శాస్త్రవేత్తలు అడవి కుందేళ్ల మెదళ్లనూ పెంపుడు కుందేళ్ల మెదళ్లనూ స్కాన్ తీసి పోల్చారు. పెంపుడువాటిలో భయాన్ని పుట్టించే భాగం చిన్నదిగా, ఆ భయాన్ని అదుపులో పెట్టే భాగం పెద్దదిగా కనిపించాయి. భయం తగ్గిందే తప్ప పోలేదు. అందుకే ఒక్కసారిగా ఎత్తుకుంటే గిలగిల్లాడుతుంది.

మన హైదరాబాద్‌కూ కుందేలుతో శాస్త్ర సంబంధం ఉంది. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ పరిశోధకులు కలిసి త్రీడీ ప్రింటర్‌తో కార్నియా తయారుచేసి, 2022లో కుందేలు కంటికే అమర్చి చూశారు. దాని కన్ను శాస్త్రవేత్తలకు అంత బాగా తెలుసు. దాన్ని పెంచే ఇళ్లలో తెలియాల్సింది మాత్రం కడుపు సంగతి.

పళ్లు ఆగవు... పేగులు ఆగకూడదు

కుందేలుకు 28 పళ్లు. బతికినంతకాలం అవి పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి దాదాపు 2 మిల్లీమీటర్లు! గరుకు గడ్డిని గంటల తరబడి నమిలితేనే అవి అరుగుతాయి. మెత్తని బిస్కెట్లు, బ్రెడ్డు, గింజలు పెడితే అరగవు. దవడపళ్లు మొనదేలి నాలుకను, బుగ్గను కోసేస్తాయి. పాపం, ఆకలేస్తున్నా తినలేదు.

పేగులదీ అదే తీరు. పెద్దపేగు మొదట్లో ఉండే పెద్ద సంచిలో సూక్ష్మజీవులు పీచును పులియబెడతాయి. అక్కడ తయారైన మెత్తని ఉండల్ని కుందేలు మలద్వారం దగ్గరే నోటితో అందుకుని మింగేస్తుంది. ఛీ అనుకోకండి. ప్రొటీన్లు, బి విటమిన్లు దానికి దక్కేది అలాగే. మనకు కనిపించే గట్టి పెంటికలు వేరు.

ఈ యంత్రం నడవాలంటే పీచు పడుతూ ఉండాలి. తీపి, పిండి ఎక్కువైతే సూక్ష్మజీవుల లెక్క తప్పుతుంది. పేగుల కదలిక ఆగిపోతుంది. కుందేలు వాంతి కూడా చేసుకోలేదు. నిన్నటిదాకా బాగానే ఉంది, పొద్దున చూస్తే పోయింది అని చాలామంది వాపోతారు. నిజానికి అది బాగాలేదు. వేటకు బలయ్యే జంతువు కదా, నొప్పి బయటపెడితే శత్రువు కంట పడతానని దాచుకుంటుంది. పన్నెండు గంటలు తిండి ముట్టకపోయినా, పెంటికలు తగ్గినా వెటర్నరీ డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు. పిల్లల కోసం ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ సిరప్‌ను పొరపాటున కూడా దాని నోట్లో పోయకండి. మంచి సూక్ష్మజీవుల్ని చంపి ప్రాణం తీయగలదు.

అయితే ఏం పెట్టాలి? ఎప్పుడూ ముందు ఎండుగడ్డి ఉండాలి. దానికితోడు గరిక, కాస్త కొత్తిమీర, పుదీనా. క్యారెట్ అంటారా... ఎప్పుడైనా ఓ చిన్న ముక్క, పండగనాడు మనకు మిఠాయిలా.

మే నెల వస్తే ఇంకో గండం. కుందేలుకు మనలా చెమట పట్టదు. వేడిని బయటికి పంపేది ముఖ్యంగా చెవులే. 30 డిగ్రీలు దాటితేనే అది అల్లాడుతుంది. మన ఎండలేమో 40 దాటతాయి. బాల్కనీలో బోను పెట్టి ఆఫీసుకు వెళ్లిపోతే సాయంత్రానికి ఉంటుందన్న నమ్మకం లేదు. చల్లని గదిలో ఉంచి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పక్కన పెడితే, దానికి ఆనుకుని పడుకుంటుంది.

జంటగా కొనేవాళ్లకు ఓ మాట. పిల్లల్లో ఆడామగా తేడా దుకాణదారులకే సరిగా తెలియదు. రెండూ ఆడవే అని తెచ్చుకున్నవాటిలో ఒకటి మగదైతే, కలిసిన 31 రోజులకు ఇంట్లో పురుడే. ఈనిన వెంటనే మళ్లీ కడుపు రావచ్చు. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకు నాలుగేళ్లు దాటాక గర్భసంచి క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ కాబట్టి ఆ సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. సంతానం పెరిగిపోయిందని కొందరు పార్కుల్లో వదిలేస్తుంటారు. బోనులో పెరిగిన ఆ పిల్లలకు వీధికుక్క అంటే ఏమిటో కూడా తెలియదు.