గుండె నాళాలకు గార పడితే...

ఛాతీలో నొప్పి వస్తే గ్యాసు అనుకుని సోడా తాగి పడుకునేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కొందరు ఇ.సి.జి. తీయించుకుని, గీతలు బాగున్నాయనగానే నిశ్చింతగా ఇంటికి వచ్చేస్తారు. నాళంలో పూడిక ఉన్నా, నొప్పి లేని సమయంలో తీస్తే చాలామందికి ఆ గీతల్లో తేడా కనపడదు.

ఆ నాళాలనే ఫొటో తీసి చూపించేది గుండె సి.టి. స్కాన్. బ్రిటిష్ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సి.టి. యంత్రంతో 1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగి మెదడును ఫొటో తీశారు. మెదడు కదలదు, గుండె క్షణం ఆగదు. దాన్ని పట్టుకోవడానికి ఇంకా వేగమైన యంత్రాలు రావలసి వచ్చింది.

బోరు నీళ్ల పైపుకు గార పట్టడం అందరూ చూసిందే. గుండె నాళాల గోడల్లోనూ కొవ్వు చేరి, ఏళ్ల తరబడి దానిలో సున్నం పేరుకుంటుంది. ఆ సున్నానికి మార్కులు వేసే పద్ధతిని 1990లో అమెరికా వైద్యుడు ఆర్థర్ అగట్‌స్టన్, ఆయన సహచరులు ప్రకటించారు. సున్నా వస్తే రాబోయే కొన్నేళ్లలో గుండెపోటు భయం బాగా తక్కువ. 100 దాటితే జాగ్రత్త పడాలి. 400 దాటితే ముప్పు చాలా ఎక్కువ.

సున్నా వచ్చిందని బీడీ కట్ట విప్పనక్కరలేదు. సున్నం పట్టని మెత్తటి కొవ్వు ఈ లెక్కకు అందదు. అదే పగిలి, దానిమీద రక్తం గడ్డకట్టి నాళం ఒక్కసారిగా మూసుకుపోతుంది. దాన్ని చూడాలంటే చేతి నరంలోకి మందు ఎక్కించి సి.టి. యాంజియోగ్రామ్ తీయాలి.

దీనివల్ల మేలు ఎంత? స్కాట్లండ్‌లో ఛాతీ నొప్పితో వచ్చిన 4,146 మందిని రెండు సమాన భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు పరీక్షలతోపాటు ఈ స్కాన్ కూడా తీశారు. 2018లో ఐదేళ్ల ఫలితం వెలువడింది. గుండెపోటు వచ్చినవారు, గుండె జబ్బుతో పోయినవారు కలిపి మామూలు వైద్యంలో 81 మంది, స్కాన్ తీసినవారిలో 48 మంది. స్కాన్ జబ్బును కుదర్చదు. కొవ్వు తగ్గించే మాత్రలు, ఆస్పిరిన్ ఎవరికి అవసరమో అది వైద్యులకు చూపించింది. మెత్తటి కొవ్వు ఎక్కువున్నవారికి గుండెపోటు దాదాపు ఐదు రెట్లు ఎక్కువని అక్కడి రోగుల స్కాన్లనుంచే 2020లో తేలింది.

అమెరికాలో పదివేల మందిపై జరిపి 2015లో ప్రకటించిన మరో పరిశీలనలో మాత్రం, ట్రెడ్‌మిల్ వంటి పరీక్షలకంటే దీనివల్ల అదనపు లాభం కనపడలేదు. కనుక కాస్త నొప్పి వచ్చిందని అప్పుచేసి పట్నం పరుగెత్తడం కాదు, స్కాన్ అవసరమా కాదా అన్నది వైద్యుడు తేల్చాలి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఇదివరకు స్కాన్ మందు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. గర్భిణులూ చెప్పాలి. గుండె వేగం తగ్గడానికి మాత్ర ఇస్తారు. ఊపిరి ఆపమన్నప్పుడు కదలకుండా బిగబట్టాలి.

నొప్పి ఛాతీని పిండేస్తూ, చెమటలు పడుతుంటే మాత్రం స్కాన్ మాట తర్వాత. వెంటనే 108కి ఫోన్ చేయాలి.